మచ్చలేని పటం

"ప్రజల కడుపులను ఇకపై ప్రభుత్వం తన కడుపులో పెట్టుకుని చూసుకుంటుంది!" అని ఆరోగ్యమంత్రిగారు ప్రకటించగానే ఆసుపత్రి హాలంతా చప్పట్లు. నేనూ కొట్టాను. పెళ్లయి నలభై రోజులే, ఏది విన్నా చప్పట్లు కొట్టాలనిపిస్తోంది. పైగా మొదటి వరసలో మా ఆయన కూర్చున్నారు.

మా ఆయన ఇక్కడ ఎండోస్కోపీ టెక్నీషియన్. కెమెరా ఉన్న గొట్టాన్ని గొంతులోంచి దింపి కడుపులో ఏముందో చూపిస్తారు. ఆ గురువారం పరీక్షల జాబితాలో మా మామగారి పేరు కూడా ఉంది. అరవై మూడేళ్లు. రెండు నెలలుగా నొప్పి, నాలుగు ముద్దలకే చాలంటారు.

మంత్రిగారు తెర లాగారు. కడుపు క్యాన్సర్ పటం. మా జిల్లా ముదురెరుపు, రెండు వందల పన్నెండు కేసులు. దిగువ జిల్లా తెల్లగా మెరిసిపోతోంది, సున్నా.

"ఏమిటీ అవమానం? వాళ్లేం తింటారు?"

"మనం తినేదే సార్," అన్నారు డైరెక్టర్.

"ఏం తాగుతారు?"

"మన నది నీళ్లే సార్. మనం వాడి వదిలాక."

"మరి తేడా ఏమిటయ్యా?"

మా ఆయన లేచారు. నిజాయితీ ఎక్కువ. "వాళ్లకి ఈ యంత్రం లేదు సార్."

మంత్రిగారు దిగివచ్చి ఆయన్ను కావలించుకున్నారు. "ఇన్నేళ్లూ ఈ కారణం ఎందుకు దాచారయ్యా?"

మధ్యాహ్నానికల్లా యంత్రం స్టోర్‌రూములోకి వెళ్లింది. తాళం మంత్రిగారే స్వయంగా వేసి, తాళంచెవి జేబులో వేసుకున్నారు. వ్యాధి మూలాన్ని కనిపెట్టినందుకు మా ఆయనకు ప్రశంసాపత్రం ఇచ్చారు. ఫ్రేము కట్టించాను.

ఇప్పుడు ఆయన పన్నెండింటికే ఇంటికొస్తున్నారు. ఇద్దరం ఎదురెదురుగా కూర్చుని బఠాణీలు ఒలుస్తాం. నోట్లోకి పోయేవే ఎక్కువ, గిన్నె నిండదు. మంత్రిగారికి రోజూ దణ్ణం పెట్టుకుంటున్నాను.

డైరెక్టర్‌గారికి ఒక్కటే బెంగ. "సార్, అరవై దాటిన మగవాళ్లకే ఎక్కువొస్తోంది."

"అయితే ఫారంలో వయసు యాభై తొమ్మిదితో ఆపెయ్యండి."

ఈ మాట చెబితే మామగారు నవ్వారు. "అమ్మాయ్, నాకు నాలుగేళ్లు తగ్గాయి! ఒరేయ్, మరి నా గురువారం సంగతేమిట్రా?"

"తాళంచెవి మంత్రిగారి దగ్గరుంది నాన్నా."

"అడగరా."

అడిగారు. మూడుసార్లు అర్జీ పెట్టారు. సున్నా సాధించిన జిల్లాలో ఇలాంటి అనుమానాలు ప్రగతికి ఆటంకమని జవాబొచ్చింది. పోనీ పక్క జిల్లాకు తీసుకెళ్దామంటే అక్కడా తాళమే. మా విజయం చూసి అందరూ మా దారే పట్టారు. రెండు నెలల్లో పటమంతా పాలలా తెల్లబడింది.

విజయోత్సవంలో షీల్డు అందుకోవడానికి అరవై దాటిన మగమనిషి కావాలన్నారు. మా మామగారినే ఎంపిక చేశారు. మా పెళ్లికి కుట్టించిన చొక్కా వేసుకొచ్చారు. అందులో ఇంకొకరు పట్టేలా ఉంది. ఫొటోలో నిండుగా కనబడాలని డైరెక్టర్‌గారే వెనకాల బట్ట మడిచి ఆరు పిన్నీసులు పెట్టారు.

వేదిక మీద మామగారు మంత్రిగారి చెవి దగ్గరగా వంగారు. "బాబూ, ఆ తాళంచెవి..."

"పెద్దాయనకు ఆనందంతో మాట రావడం లేదు!" అన్నారు మంత్రిగారు మైకులో. నేను గట్టిగా చప్పట్లు కొట్టాను. పక్కన మా ఆయన కొట్టలేదు.

ఫొటో ఎంత బాగా వచ్చిందో! ఇంటికొచ్చాక పిన్నీసులు తీయబోతే మామగారు వద్దన్నారు.

"ఉండనియ్యమ్మా. చొక్కా ఒంటిమీద నిలుస్తోంది."