డాకు, దాక

ఎల్లాజీకి చెవులున్నాయన్న సంగతి నలభై దాటాక బయటపడింది. అంతవరకూ అవి కళ్ళజోడు తగిలించుకోవడానికే ఉన్నాయని ఇంట్లో అనుకునేవారు. భార్య ఈశ్వరి పిలిచిన పిలుపేదీ వాటిలోకి వెళ్ళిన దాఖలా లేదు మరి.

శ్రీకాకుళంలో చేపల వ్యాపారం అతనిది. విజయనగరంలో సౌండు సామాన్ల కొట్టు నడిపే స్నేహితుడు గిరిబాబు ఇంటికి ఓసారి భోజనానికి వెళ్ళి, భోజనం మరిచి పాటలు విన్నాడు. వచ్చేటప్పుడు ఒక యాంప్లిఫయరూ, బీరువాల్లాంటి రెండు స్పీకర్లూ చేపల వ్యానులో వేసుకొచ్చాడు. మొదటి వారమంతా పాటలు నీచు వాసన వేశాయి.

రెండో వారం స్పీకర్లలో డోలు మోగింది. వంటింటి అటక మీది మట్టిదాక ఆ దరువుకు కదులుతూ అంచుకొచ్చి, చరణం దగ్గర కిందపడి ముక్కలైంది.

ఈశ్వరి చేపల పులుసు కాచేది ఆ దాకలోనే. డిగ్రీలో ఆమెకొచ్చిన మార్కులు చుట్టాల్లో ఎవరికీ గుర్తులేవు గానీ, ఆ దాకలో పులుసు అందరికీ గుర్తే.

"కొత్త దాక ఎప్పుడు తెస్తావు బావా?"

"తెస్తాన్లేవే."

అతని మనసు అప్పటికే వేరేదాని మీద ఉంది. గిరిబాబు పెట్టిన మంట అది.

"ఒరే ఎల్లాజీ, ఫోనులో పాటుండదురా, అంకెలుంటాయి. ఆ అంకెల్ని పాట కింద మార్చే పెట్టొకటి ఉంటాది, డాక్ అంటారు. దాని లోపలుండే ఎలక్ట్రానిక్ సిప్పే ముఖ్యం. నీ యాంప్లిఫయర్లో ఉన్నది నాసిరకం. మంచి డాక్ నేకపోతే నువ్వు ఇంటన్నది పాటే కాదు."

మొప్ప ఎత్తి చూడందే చేప కొనని మనిషి, ఫోనులో బొమ్మలు చూసి నల్లపెట్టెల మీద మనసు పారేసుకున్నాడు. ఒకటి తేటగా పాడుతుందట. ఇంకొకటి వెచ్చగా పాడుతుందట. తేటదా, వెచ్చదా అని తేలక, అన్నం ముందు కూర్చుని చారు కలిపిన అన్నంలో మళ్ళీ చారే పోసుకునేవాడు.

చివరికి ఓ ఉదయం వీధరుగు మీద నిలబడి గిరిబాబుకి ఫోన్ చేశాడు.

"వెచ్చందే కాయం సెయ్యరా. డాకు మాత్రం మంచిదుండాల. లోపల సిప్పే ముఖ్యమన్నావు కదా? ఏటీ, కొత్తలో బాగోదా? కొన్నాళ్ళు కాగితే గానీ పదునెక్కదా? కాగనిద్దాం, తొందరేటి!"

వెనక్కి తిరిగితే ఈశ్వరి.

"ఏటి బావా, దాక కొంటన్నావా?"

ఎల్లాజీ గుండె ఒక్క క్షణం ఆగింది. ఆ ఖాళీలో బుర్ర పనిచేసింది. డకీ దకీ మధ్య ఉన్నవి నాలుగే అక్షరాలు. అంత చిన్న దూరం అబద్ధం కిందికి రాదు.

"ఔనే. మంచిది."

"సిప్ప కూడా ఇస్తారేటి, కలపడానికి?"

"సిప్పు దాన్లోనే ఉంటాది."

"కొత్తది కదా, గంజి పోసి కాసాలి."

"కాసే పని నాది. నువ్వు సెయ్యి పెట్టకు."

ఈశ్వరి అతన్ని కాసేపు చూసింది. "మంచిదే తీసుకో బావా. దాక విషయంలో కక్కుర్తి పడకు. ఆదివారం అమ్మని పిలుస్తాను."

భార్య మాటల్లో ప్రతి అక్షరమూ ఎల్లాజీకి స్పష్టంగా వినబడటం పెళ్ళయ్యాక అదే మొదటిసారి.

ఆదివారం అత్తగారు గున్నమ్మ బుట్టలో కోనాం చేపతో దిగింది. మరదలు రాణి మొగుడితో వచ్చింది. అల్లుడు పైదేశం నుంచి దాక తెప్పిస్తున్నాడని సముద్రపొడ్డున ఆవిడ ఊళ్ళో అందరికీ తెలిసిపోయిందట. అప్పుడే గిరిబాబు ఇటుకంత నల్లపెట్టె తెచ్చి బల్ల మీద పెట్టాడు.

గున్నమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పింది. "మూతేది అల్లుడా? పులుసెటు నుంచి పోస్తారు?"

"దీన్లో పులుసు పొయ్యరత్తా. కరెంటు పోస్తారు."

ఇక దాచడానికేమీ మిగల్లేదు. అంకెల సంగతి, పాట సంగతి నీళ్ళు నములుతూ చెప్పాడు.

"మరిప్పటిదాకా మనం ఎక్కాలు ఇన్నామేటి?" అంది ఈశ్వరి. కోప్పడలేదు. అదే ఎల్లాజీని ఎక్కువ భయపెట్టింది. "పోనీలే బావా. ఆ తేడా నీ సెవులకి తెలుస్తాదా?"

"కళ్ళు మూసుకుని సెప్తాను!"

"అయితే మూసుకో. ఒకే పాట రెండుసార్లు పెడతాను. రెంట్లో డాకేదో సెప్పినావంటే ఆ పెట్టి మనింట్లోనే ఉంటాది. నేదంటే గిరన్న ఎనక్కి అట్టుకెల్లిపోతాడు."

గిరిబాబు సరేనన్నాడు. ఎల్లాజీ కళ్ళకి తువ్వాలు కట్టారు. పెట్టె ఉండటమా, పోవటమా అన్నది తన చెవుల మీదే ఉందని గొంతు సవరించుకున్నాడు, పాడేది తానే అన్నట్టు.

గిరిబాబు ఏవో తీగలు కలిపాడు. మొదటి పాట మోగింది. ఎల్లాజీ పెదవి విరిచాడు.

"ఇది పాతదే. పల్చగా ఉన్నాది, సింతపండు తక్కువైన పులుసులాగ."

గిరిబాబు దగ్గాడు. తర్వాత ఏదో జరిపిన చప్పుడు, రాణి కిసుక్కుమన్న చప్పుడు. రెండోసారి అదే పాట.

"అబ్బ!" ఎల్లాజీ ఒళ్ళు జలదరించింది. "ఇదీ పాటంటే! గుండ్రంగా వస్తన్నాది సూడు. వెచ్చగా ఉన్నాది. లోతుగా ఉన్నాది. ఇదే డాకు!"

"ఆలోసించి సెప్పు బావా."

"ఆలోసనేటి, నా సెవుల మీదొట్టు. డాకే!"

ఈశ్వరి తువ్వాలు విప్పింది.

స్పీకర్ల తీగలు నేల మీద పడున్నాయి. ముక్కాలిపీట మీద ఎర్రగా, నున్నగా ఓ కొత్త మట్టిదాక. దాని అడుగున ఈశ్వరి ఫోను హాయిగా పాడుకుంటోంది.

"డిగ్రీలో పిజిక్స్ సదివినాను బావా. సిప్పున్న దాకేటో నాకు తెల్దా? నువ్వు ఔనన్న రోజే అమ్మని దాక తెమ్మన్నాను."

"మరి మొదట మోగింది?"

"మీ కొత్త పెట్టే," అంది గున్నమ్మ. "పల్చగా ఉన్నదన్నావే, అదే."

పెట్టెను సంచిలో సర్దుకుంటున్న గిరిబాబు ముఖం పెట్టెకన్నా నల్లగా ఉంది.

ఎల్లాజీ తలగోక్కున్నాడు. "అయినా నాను సెప్పింది తప్పు కాదు కదే."

"తప్పేటి! దాకే." ఈశ్వరి ఫోను తీసుకుని, దాక అతని చేతుల్లో పెట్టింది. "నానబెట్టే తెచ్చింది అమ్మ. గంజి పొయ్యి మీదున్నాది. కాసే పని నీదన్నావు, నాను సెయ్యి పెట్టను."

కోనాం ముక్కలు ఉప్పూ కారం పట్టించి సిద్ధంగా ఉన్నాయి. చుట్టాలు ఆకలితో సిద్ధంగా ఉన్నారు. ఎల్లాజీ పొయ్యి ముందు నిలబడి దాకలో గంజి కాస్తున్నాడు.

"అయిందేటి అల్లుడా?" హాల్లోంచి గున్నమ్మ అరిచింది.

ఎల్లాజీ దాక మీదికి వంగి, చెవి ఒగ్గి, కళ్ళు మూసుకున్నాడు.

"ఉండత్తా," అన్నాడు. "ఇప్పుడిప్పుడే పదునెక్కుతన్నాది."