బ్యాంకు లెక్కలో కీర్తిశేషుడు

ఆ గురువారం ఉదయం సోఫాల మేస్త్రీ అద్దం ముందు నిలబడి మీసం దువ్వుకుంటూ, రోజంతా ఎలా గడవాలో ముందే తేల్చేసుకున్నాడు. పదింటికి బ్యాంకుకి వెళ్ళి క్రెడిట్ కార్డు తీసుకోవాలి. పన్నెండు లోపల మిషన్లు అద్దెకిచ్చే కంపెనీలో ఆ కార్డు చూపించి, తోలు కుట్టే పెద్ద మిషను మాట్లాడుకోవాలి. సాయంత్రం ఐదుకల్లా ఆసుపత్రివాళ్ళకి ఫోన్ చేసి, వాళ్ళ వెయిటింగ్ హాల్లో చిరిగిపోయిన నలభై సీట్లకీ తానే కొత్త కవర్లు కుడతానని మాటివ్వాలి. ఐదు దాటితే ఆ పని ఇంకొకరికి పోతుంది. అన్నీ అయ్యాక ఇంటికెళ్ళి భార్యకి చెప్పి ఆశ్చర్యపరచాలి. ఈ ఆఖరి ముచ్చట కోసం, అసలు కార్డు సంగతే ఇంట్లో ఎవరి చెవినా వేయలేదు.

మూడేళ్ళ కిందట ఆయనకు సొంత షాపు ఉండేది, ఆరుగురు పనివాళ్ళు ఉండేవారు. కొత్తగా కట్టిన సినిమా హాలుకి ఆరువందల కుర్చీలు కుట్టిచ్చాడు. తెరిచిన నెలకే హాలు మూతపడింది. కుర్చీల డబ్బు రాలేదు గానీ స్పాంజీ అప్పులవాళ్ళు మాత్రం వరసగా వచ్చారు. రాత్రికి రాత్రి బోర్డు తిప్పేసే రకం కాదు కనక, కోర్టుకెళ్ళి దివాలా తీశానని ఒప్పుకుని, ఉన్నదంతా ఊడ్చి ఇచ్చేశాడు. ఇక ఎవరికీ బాకీ లేడని కోర్టు కాగితం ఇచ్చి రెండేళ్ళయింది. అప్పట్నుంచీ ఒకప్పుడు తన దగ్గర పని నేర్చుకున్నవాడి షాపులోనే కూలికి కుడుతున్నాడు. వాడు వెనక నిలబడి, "ఈ కుట్టు వంకరగా ఉంది, విప్పండి మేస్త్రీగారూ," అన్నప్పుడల్లా ఆయనకి తల కొట్టేసినట్టుండేది.

దివాలా తీసినవాడికి కార్డంటే బ్యాంకులన్నీ మొహం తిప్పుకున్నాయి. ఒక్క బ్యాంకు మాత్రం, కొంత సొమ్ము డిపాజిట్ చేస్తే దాని మీద అంతకి అంత కార్డు ఇస్తామంది. రెండేళ్ళుగా కడుపు కట్టుకుని దాచినదంతా తెచ్చి డిపాజిట్ చేశాడు. నామినీగా భార్య పేరు రాశాడు. ఇంటికొచ్చి విచారిస్తామంటే, దానికేం భాగ్యం, రమ్మన్నాడు. బుధవారం సాయంత్రం బ్యాంకు నుంచి స్వయంగా రమ్మని మెసేజ్ వచ్చింది. కార్డు ఇవ్వడానికే అనుకున్నాడు పాపం.

కౌంటర్లో కూర్చున్నావిడ ఆయన పేరు కంప్యూటర్లో కొట్టి, తెర వంక చూసి, ఆయన వంక చూసి, మళ్ళీ తెర వంక చూసింది. తర్వాత కుర్చీ చప్పుడు కాకుండా లేచి గార్డుని పిలిచింది. మేస్త్రీకి ఏమీ అర్థం కాలేదు. గార్డు ఆయన్ని నేరుగా మేనేజరు గదిలోకి తీసుకెళ్ళి తలుపు దగ్గర అడ్డంగా నిలబడ్డాడు.

"మీరెవరండీ?" అన్నాడు మేనేజరు.

మేస్త్రీ తన పేరు చెప్పాడు.

"ఆయన గుండెపోటుతో చనిపోయి రెండేళ్ళయింది. మీరెవరో చెప్పండి."

మేస్త్రీ చెయ్యి దానంతటదే వెళ్ళి గుండె మీద పడింది. అది మామూలు కంటే గట్టిగానే కొట్టుకుంటోంది.

మేనేజరు పక్కన కూర్చున్న పెద్దమనిషి, ఈ ఏడో వచ్చే ఏడో రిటైరయ్యేలా ఉన్నాయన, ఫైలు విప్పాడు. ఇంటికెళ్ళి విచారించి వచ్చింది ఆయనే. కింద ఇస్త్రీ షాపతన్ని అడిగితే, ఆ మేస్త్రీ ఎప్పుడో ఊరొదిలి వెళ్ళాడన్నాడట. మొదటి అంతస్తులో ఉండే టీచరుగారు అలాంటి మనిషే తనకి తెలియదందట. ఇలా మాట మాటకీ పొంతన లేకపోయేసరికి అనుమానం వచ్చి రెండో అంతస్తులో తలుపు కొడితే, ఒక పెద్దావిడ తీసి, అల్లుడు కన్నుమూసిన వైనం పూసగుచ్చినట్టు చెప్పిందట. "ఆవిడ ఏడుపు చూసి నేనూ ఆగలేకపోయాను సార్," అన్నాడాయన, కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ. "అలాంటి మంచి మనిషి పేరు పెట్టుకుని ఈయనెవరో కార్డు కొట్టేద్దామని వచ్చాడు."

అప్పుడు వెలిగింది మేస్త్రీకి. అప్పులవాళ్ళు ఇంటి చుట్టూ తిరిగిన రోజుల్లో ఆయన భార్య బిల్డింగు మొత్తానికి తర్ఫీదిచ్చింది. చేతిలో ఫైలుతో ఎవరొచ్చి ఆయన్ని అడిగినా ఇస్త్రీ అతను ఊరొదిలాడనాలి. టీచరుగారు తెలియదనాలి. అంతకీ కదలకపోతే చివరి అస్త్రం అత్తగారు. అల్లుడిని చంపేయడం ఆవిడ సొంత ఆలోచన. కోర్టు కాగితం వచ్చాక కూడా ఒకరిద్దరు వచ్చి బెదిరించడంతో ఆ ఏర్పాటు అలాగే ఉండిపోయింది. వద్దని ఎవరూ చెప్పలేదు. చెప్పవలసిన మనిషి ఆశ్చర్యపరచాలని నోరు కుట్టేసుకున్నాడు.

"మా ఆవిడకి ఫోన్ చేయండి, అంతా తేలిపోతుంది," అన్నాడు మేస్త్రీ.

మేనేజరు స్పీకరు పెట్టి ఫోన్ చేసి, బ్యాంకు నుంచి మాట్లాడుతున్నామన్నాడు. అదే పొరపాటయింది. బ్యాంకు అనే మాట చెవిన పడగానే ఆవిడ ఏడుపు లంకించుకుంది. "మా ఆయన పోయారండీ. ఇంకా ఎందుకండీ మమ్మల్ని కాల్చుకు తింటారు," అందావిడ.

మేస్త్రీ టేబులు మీదకి వంగాడు. "ఇదుగో, నేనేనే, బతికే ఉన్నాను. బ్యాంకులో ఉన్నాను."

అప్పట్లో ఒక వసూలు మనిషి అచ్చం ఆయనలాగే మాట్లాడి ఆమెని బోల్తా కొట్టించబోయాడు. ఆ సంగతి ఆమె మరిచిపోలేదు. "గొంతు బాగానే దింపావు నాయనా. కానీ మా ఆయన బ్యాంకు గుమ్మం తొక్కేంత ధైర్యవంతుడు కాదు," అని పెట్టేసింది.

గార్డు ఒక అడుగు ముందుకు వేశాడు. గోడ గడియారంలో పన్నెండు దాటింది. మేనేజరు పోలీసులకి ఫోన్ చేయబోతుంటే మేస్త్రీ రెండు చేతులూ పట్టుకున్నంత పని చేశాడు. ఒక్కసారి ఆవిడని పిలిపించండి, ఎదురుగా చూస్తే కాదనదు, కాదంటే మీ ఇష్టం వచ్చిన చోటికి పంపండి అని బతిమాలాడు. విచారణ పెద్దమనిషే మనసు కరిగి ఆటోలో వెళ్ళి, గంటలో తల్లీకూతుళ్ళిద్దరినీ తీసుకొచ్చాడు.

భార్య గదిలోకి అడుగుపెట్టింది. మొగుడు గార్డుకీ మేనేజరుకీ మధ్య చెమటలు కక్కుతూ నిలబడి ఉన్నాడు. దొరికిపోయాడనుకుంది. కనురెప్ప కూడా కదపకుండా, "ఈయనెవరో నాకు తెలియదండీ," అంది.

"మా అల్లుడు ఇంకా పొడుగు," అంది అత్తగారు.

పాతికేళ్ళు కాపురం చేసిన మనిషి ఎదురుగా నిలబడి తెలియదంటే ఏ మొగుడు ఊరుకుంటాడు? ముందు మేస్త్రీకి ఒళ్ళు మండింది. అంతలో ఆమె చేతులు కనబడ్డాయి. సంచీ పట్టుకున్న వేళ్ళు గజగజ వణుకుతున్నాయి. ఈ మనిషి రెండేళ్ళుగా తలుపు చప్పుడైతే చాలు ఇలాగే వణుకుతూ తనని కాపాడుకుంటోందని, ఆ భయం తీరిపోయిందని తనే ఊరికే అనుకుంటున్నాడని తెలిసి సిగ్గేసింది.

"నేను ఎవరికీ దొరకలేదే," అన్నాడు మెల్లగా. "వీళ్ళు అప్పులవాళ్ళు కారు. కార్డు అడగడానికి నా అంతట నేనే వచ్చాను. నీకు చెప్పకపోవడం నాదే తప్పు."

"కార్డా? మనకిస్తామన్నారా?" అంది ఆవిడ. తర్వాత కుర్చీలో కూలబడి ఏడ్చింది. ఆ ఏడుపుకి మేనేజరు ఇంకే రుజువూ అడగలేదు. గార్డు మంచినీళ్ళు తెచ్చాడు. అత్తగారు మాత్రం అల్లుడి వంక కోపంగా చూసింది.

"ముందే ఒక మాట చెప్పి ఉంటే చంపేదాన్ని కాదు కదా అల్లుడుగారూ," అంది.

మేనేజరు క్షమాపణ చెప్పి, కంప్యూటరు ముందు కూర్చుని, చాలాసేపు తంటాలు పడ్డాడు. అందులో మనిషిని చంపడానికి ఒక్క మీట చాలు, బతికించడానికి ఆరు నెలలు పడుతుంది. దానికి మేస్త్రీ స్వయంగా సంతకం చేసిన అర్జీ కావాలి, చనిపోయినవాళ్ళ సంతకం చెల్లదు. పైగా మనిషి పోయినట్టు నమోదు కాగానే, డిపాజిట్ సొమ్ము దానంతటదే పొద్దున్నే నామినీ ఖాతాకి వెళ్ళిపోయింది. రెండేళ్ళ కష్టం, మిషను, నలభై సీట్లు, అన్నీ మేస్త్రీ కళ్ళ ముందే మునిగిపోతున్నాయి. టైము మూడు కావస్తోంది.

మేనేజరు ఉన్నట్టుండి తెర మీంచి తలెత్తాడు. "మేడమ్, మీరెప్పుడైనా దివాలా తీశారా?"

తీయలేదంది ఆవిడ, కొంచెం నొచ్చుకుంటూ. సొమ్ము ఆమె ఖాతాలోనే ఉంది. పేరు మీద మచ్చ లేదు. పైగా బ్యాంకు లెక్క ప్రకారం భర్తని పోగొట్టుకుని సొంత కాళ్ళ మీద నిలబడాలనుకుంటున్న ఇల్లాలు, అలాంటివాళ్ళకి కార్డు అప్పటికప్పుడే ఇమ్మని పై ఆఫీసు ఉత్తరువులున్నాయి. అరగంటలో కార్డు చేతికొచ్చింది. నాలుగుంబావుకి మిషను ఆమె పేరున అద్దెకి కుదిరింది. ఐదుకి పది నిమిషాల ముందు ఆసుపత్రికి ఫోన్ చేసి, "షాపు ఓనర్ని మాట్లాడుతున్నాను, కుట్టేది మా మేస్త్రీ, పని గురించి మీరు దిగులుపడనక్కర్లేదు," అని ఆమే మాటిచ్చింది. మేస్త్రీ పక్కన నిలబడి ఊపిరి పీల్చుకున్నాడు. మళ్ళీ ఒకరి దగ్గర పనివాడే అయ్యానని ఆయనకి కాస్త ఆలస్యంగా తట్టింది గానీ, ఈ ఓనరు కుట్లు విప్పించే రకం కాదు.

మర్నాడు తోలూ దారాలూ కొనడానికి ఆ కార్డు ఆయన వాడాలంటే ఒక చిన్న ఫారం నింపాలన్నారు. అందులో కార్డు గలవారికి ఏమవుతారో రాయాలి. భర్త అని రాస్తే కంప్యూటరు ఒప్పుకోదని, ఆ భర్త పోయినట్టు అందులో ఉందని మేనేజరు ఇబ్బందిగా చెప్పాడు. భార్య కలం పట్టుకుని కాసేపు ఆయన్ని ఎగాదిగా చూసి, "పాత పరిచయం" అని రాసింది.