భీమిలి తీరమున శవము నవ్విన విధము

దక్షిణమున ఉక్కు కర్మాగారపు కొలుములు అస్తమయ మెరుగని సూర్యులవలె మండుచుండగా, నడుమ ఓడరేవు క్రేనులు మెడలు సాచి ఓడల కడుపులు దేవుచుండగా, ఉత్తరమున భీమునిపట్నపు ముసలి సముద్రము ఒడ్డును తాకి తాకి అలసిపోవుచుండగా, ఎండలు ముదిరి ఐస్‌క్రీం బండ్లు విజృంభించిన ఒకానొక ఫాల్గుణ మాసమున, విశాఖపట్టణ మహానగర పరిసరములందు జరిగిన దారుణ సంగ్రామమును వినిపించెదను. వాగ్దేవీ, కొంచెము జరిగి నాకును చోటిమ్ము. ఈ యుద్ధమున పాల్గొన్నవి ఒక ముక్కు, ఒక ఈగ, ఒక నవ్వు. గాయపడినవారెవ్వరును లేరు.

నేడు మద్దిలపాలెము కూడలిలో బస్సుకన్న పొడవైన ఫ్లెక్సీపై చేతులు కట్టుకొని నిలిచినవాడును, విడుదలనాడు అభిమానులచే పాలపాకెట్లతో అభిషేకింపబడు కటౌటు గలవాడును అగు సాయిశంకర్ మహావీరుడు, ఆ కాలమున ఇంకను కంచరపాలెము రైలుగేటు పక్క సందులో, పోర్టు కళాసీ తవిటయ్యకు కొడుకై, అద్దము దొరికిన చోటనెల్ల ఆగి క్రాపు సవరించుకొనినందుకు తిట్లు తినుచుండెను. నగరమున ఏ సినిమావారు దిగినను గుంపులో నిలుచుట అతని వృత్తి. ఆ గుంపులలో అతడు పెండ్లివిందు ఆరగించెను, సమ్మెలో జెండా మోసెను, బాంబు పేలినప్పుడు అందరికన్న ముందు పరుగెత్తెను. అయినను వెండితెరపై అతని చెవియైనను ఇంతవరకు తిన్నగా పడలేదు.

ఇట్లుండ ఒకనాడు, అదే సందువాడును కెమెరా సహాయకుడును అగు కొండలరావు శుభవార్త మోసికొని వచ్చెను.

“బావ, భీమిలిలో షూటింగు. నీకు సోలో వేసం. షాట్లో నువ్వొక్కడివే ఉంటావ్.”

“ఏటి వేసం బావ?”

“సముద్రంలో మునిగి ఒడ్డుకి కొట్టుకొచ్చినోడివి.”

“ఒడ్డుకొచ్చి లెగుస్తానా?”

“లెగవ్. సచ్చిపోయుంటావ్.”

వీరుడు క్షణమాత్రము తటపటాయించెను. పిమ్మట, గుంపులో బ్రతికియుండుటకన్న ఒంటరిగా చచ్చియుండుటయే నటునకు కీర్తికరమని నిశ్చయించి, అంగీకరించెను. అయితే ఇంట తల్లి అసిరమ్మ మహారాణి అంగీకరింపలేదు.

“ఓలమ్మో! బతికున్న గుంటడివి, సచ్చినోడి నాగ ఒడ్డున పడుంటావేటిరా? ఆ దేవుడు సూసి నిజవనుకుంటే?”

“సివర్న నవ్వు షాట్ తీస్తారమ్మా. ఏటీ అవదు.”

ఏమి ఆ నవ్వు షాటు? సినిమావారి ఆచారమొకటి కలదు. శవముగా నటించినవాడు పని ముగియగానే లేచి, కెమెరా కన్నులోనికి చూచి నవ్వవలెను. ఆ నవ్వును చిత్రీకరించి పారవేయుదురు. ఏ చిత్రమునను అది కనబడదు. వీడు బ్రతికేయున్నాడని యమధర్మరాజు కార్యాలయమునకు అందు రశీదు అది. కోట్ల రూపాయలతో చిత్రములు తీయువారును దానిని దాటి పోవుటకు జంకుదురు.

అసిరమ్మ అంతయు విని, చేయి చాచెను.

“అయితే ఇను. కెమెరా సూసి నవ్వినాకే ఈ గడప తొక్కు. నవ్వకుండా వచ్చీవంటే సినిమా మాట ఇక ఈ ఇంట్లో ఇనపడకూడదు. నువ్వు నవ్వొచ్చేదాకా నాను కూడు ముట్టను. ఏదీ, సేతిలో సెయ్యెయ్.”

వీరుడు చేతిలో చేయి వేసెను. తల్లి ఆకలియు, తన భవిష్యత్తును ఒక నవ్వునకు ముడివడెను.

మరునాడు భీమిలి తీరమున, ముఖమునకు బూడిదరంగు పూసికొని, తడిబట్టలతో, మిట్టమధ్యాహ్నపు ఇసుకపై వీరుడు వెల్లకిల పరుండెను. కదలిన ఊరుకొననని దర్శకుడు భీమశంకరరావు మైకులో గర్జించెను. “యాక్షన్” అను శబ్దము వెలువడినంతనే, ఆ పక్కన ఎండబెట్టిన చేపల రాశులనుండి ఒక ఈగ లేచెను. అది దర్శకుని విడిచి, హీరోయిన్‌ను విడిచి, కొబ్బరిబొండాల బండిని సైతము విడిచి, నేరుగా వచ్చి సాయిశంకర్ నాసికాగ్రమున పాదము మోపెను.

చేయెత్తి తోలుటకు వీలులేదు. ఊదుటకు వీలులేదు, చచ్చినవానికి ఊపిరి ఎక్కడిది? అంతట వీరుడు పెదవి కదపక మనసులోనే ఇట్లు గర్జించెను: “ఓరీ మక్షికాధమా! ప్రాణముండియు లేనట్లుండుట నేడు నా వ్రతము. నా చేతులు దర్శకాజ్ఞ అను పాశముచే బద్ధములు. ఇట్టి నిరాయుధునిపై వాలుట నీ వంశమునకు కీర్తియా? రమ్ము, ‘కట్’ అను మాట వినబడనిమ్ము, అప్పుడు తేల్చుకొందము!”

ఈగ ఈ ప్రసంగమును ఆలకించి, మీసము వైపునకు నాలుగడుగులు నడచెను. అచ్చట కాళ్లు రుద్దుకొనెను. పిమ్మట ఎడమ నాసారంధ్రపు ద్వారమున తల పెట్టి, లోపల ఎవరైన ఉన్నారేమో యని విచారించెను. వీరుని నాభికడనుండి పాతాళగంగవలె ఒక తుమ్ము బయలుదేరెను. దానిని అతడు రొమ్మున నిలువరించెను, కంఠమున అదిమిపట్టెను, కడకు రెండు కన్నీటి చుక్కలుగా మార్చి, చెంపల మీదుగా జార్చి, సముద్రపు నీరుగా చలామణి చేయించెను. టేకుపై టేకుగా పొద్దు వాలి, కడపటి “కట్” వినబడునంతవరకు కనురెప్ప కదలలేదు. విసిగిన ఈగ లేచిపోయెను.

వీరుడు లేచి, ఇసుక దులుపుకొనక, కొండలరావు కడకు పరుగెత్తెను.

“బావ, ఈగ కనపడిపోనాదా?”

“ఏ ఈగ?”

“నా ముక్కు మీద ఈగ బావ! సంపేసింది నన్ను.”

“ముక్కేటి? ఫ్రేములో నీ కాళ్లే ఉన్నాయి.”

సాయిశంకర్ తన పాదములవంక చూచెను. అవి నిరపరాధులై ఇసుకలో నిలిచియుండెను. ఆ దుఃఖము దిగమింగునంతలోనే మైకున “ప్యాకప్” అను మాట పిడుగై పడెను. వెలుతురు తగ్గినది, మరునాటి పనికి ఋషికొండకు తరలవలెను, కొండలరావు కెమెరా పెట్టె మూత తెరచెను. ఒక్కొక్క లెన్సును ఊడదీసి పెట్టెలో దాచుచుండగా, కంచరపాలెపు గడపయొద్ద ఆకలితో కూర్చున్న తల్లి వీరుని కన్నులయెదుట మెదలెను. ఈగతో పోరునప్పుడు లేని భయము ఇప్పుడు పుట్టెను.

ఒక చేత మైకును, ఒక చేత టీ గ్లాసును ధరించియున్న దర్శకుని మార్గమునకు అతడు అడ్డముగా నిలిచెను.

“సార్, నవ్వు షాట్.”

“ఎవరిదయ్యా?”

“నాదే సార్. సచ్చిపోయినాను కదా.”

“నీ మొహమే పడలేదు. కాళ్లు తీశాం. కాళ్లకి నవ్వు షాటేమిటి? తప్పుకో, లేటవుతోంది.”

న్యాయశాస్త్రమున ఇట్టి వాదమునకు సమాధానము లేదు. అయినను అసిరమ్మ గర్భశుక్తిముక్తాఫలమగు సాయిశంకర్ వెనుకంజ వేయలేదు.

“సార్, సచ్చిపోయింది కాళ్లే. కానీ ఆ కాళ్లు నావి. ఆటితోటే నాను ఇంటికెల్లాలి. గడప కాడ మాయమ్మ కూకునుంది, పొద్దుట్నుంచి కూడు తిన్నేదు. నవ్వకుండా ఎల్తే నన్ను లోనికి రానీదు. ఎల్లకపోతే ఆవిడ తినదు. ఒక్క నవ్వు సార్. తీసి పారేద్దురు గాని.”

కేబుళ్లు చుట్టుచున్న లైట్‌మెన్‌ల చేతులు ఆగిపోయెను. లెన్సును లోపల పెట్టబోయిన కొండలరావు, పెట్టక, పట్టుకొని నిలిచెను. దర్శకుడు సూర్యునివంక చూచెను, పెట్టెవంక చూచెను, కడకు టీ గ్లాసువంక చూచి నిట్టూర్చెను.

“సరే బిగించు కొండలరావూ. నువ్వు తొందరగా నవ్వు.”

కెమెరా మరల నిలబడెను. దాని కన్ను తొలిసారి సాయిశంకర్ ముఖముపై తెరచుకొనెను. వీరుడు నవ్వబోయెను. హా! నవ్వు రాలేదు. ఉప్పుగాలికి బూడిదరంగు గట్టిపడి చెక్కిళ్లు బిగిసినవి, పెదవులు పగిలినవి, దినమంతయు చచ్చియుండిన ముఖము బ్రతుకుటకు ఒప్పుకొనలేదు. పళ్లు మాత్రము బయటపడెను.

“ఏడుస్తున్నావా?” అని దర్శకుడు అడిగెను.

“నేద్సార్. నవ్వుతన్నాను.”

సరిగా ఆ క్షణమున, ఎండుచేపల రాశి దిక్కునుండి, విధి పంపినట్లు, పూర్వశత్రువగు ఆ ఈగయే మరలి వచ్చి, భీమశంకరరావు ముక్కుకొనపై వాలెను. మైకు ఒక చేతిలో. వేడి టీ మరొక చేతిలో. దర్శకుడు తల విదిలించెను. ఈగ కదలలేదు. కింది పెదవి ముందుకు సాచి ఊదెను. ఈగ మీసము వైపునకు నడచి, కాళ్లు రుద్దుకొనెను. ఇకమీద అది ఎటు పోవునో, లోకమున సాయిశంకర్‌కు మాత్రమే తెలియును.

అతడు నవ్వెను. బూడిదరంగు పెంకులై రాలునట్లు, కడుపు పట్టుకొని, ఇసుకలో కూలబడి, తల్లి పేరు తలచి నవ్వెను. లైట్‌మెన్ నవ్విరి. కొండలరావు నవ్వుచునే ఫోకసు తప్పనీయలేదు.

తుదకు టీ పారబోసి విముక్తుడైన దర్శకుడు, మానిటరులో ఆ నవ్వును చూచెను. మరల వేయించి చూచెను. మైకు కింద పెట్టెను.

“రేపు శవం చుట్టూ జనం మూగే సీనుంది. శవానికి బట్ట కప్పేస్తాం. నువ్వు జనంలో ముందు నిలబడు. ఒక మాటుంది నీకు: ‘ఎవరి బిడ్డో పాపం’ అనాలి.”

“బతికుండే అనాలా సార్?”

“బతికుండే అనాలి.”

దీపాలవేళకు వీరుడు బస్సు దిగి సందులోనికి వచ్చెను. అసిరమ్మ గడపకు అడ్డముగానే కూర్చుండియుండెను.

“నవ్వినావా?”

“నవ్వినానమ్మా.”

“కెమెరాలో పడిందా?”

“పడింది. రేపు మల్లీ రమ్మన్నారు. బతికున్నోడి వేసం.”

“ఎలగ నవ్వినావో ఏదీ, ఓపాలి నాకూ సూపించు.”

సాయిశంకర్ గడప ఈవల నిలిచి, తల్లిని చూచి నవ్వెను. ఆమె చాలసేపు చూచెను. కొంగుతో అతని చెవి వెనుక మిగిలిన బూడిదరంగు తుడిచెను. కన్నులు కూడ తుడుచుకొని, పక్కకు జరిగెను.

“ఇది సాలు. కాళ్లు కడుక్కుని రా, ఇద్దరం తిందాం.”

విజయము! విజయము! తీరమున మరణించిన ఆ రెండు పాదములును కుళాయి కింద కడుగబడి, తడి గురుతులు వేయుచు గడప దాటి లోనికి ప్రవేశించెను. అసిరమ్మ మొదటి ముద్ద తినెను. ఈ గాథను శ్రద్ధతో చదివినవారికి రెండు చేతులును పనిలోనుండగా ముక్కుపై ఈగ వాలదు. ఒకవేళ వాలినచో, ఎదుట నున్నవాడెవడో నవ్వును. వాని ఇంట ఆ పూట అందరును అన్నము తిందురు.