గేర్ల సైకిలూ దంతచక్ర దోషమూ

దత్తాత్రేయ శర్మ అంటే ప్రొద్దుటూరులో చాలామందికి తెలియదు. నిమ్మకాయల సామి అంటే చాలు, చేయి పట్టుకుని ఇంటిదాకా తీసుకొచ్చి వదిలిపెడతారు. ఆయన పెళ్ళిళ్ళు చేయిస్తాడు, గృహప్రవేశాలు చేయిస్తాడు. కానీ పేరు తెచ్చినవి మాత్రం బండి పూజలు. జమ్మలమడుగులో లారీ కొన్నా, పులివెందులలో కారు కొన్నా చక్రాల కింద నిమ్మకాయలు పెట్టడానికి శర్మ రావలసిందే. ఆయన పెట్టిన నిమ్మకాయ తొక్కిన బండికి పంక్చరు కూడా పడదని ఒక నమ్మకం. దాన్ని పుట్టించింది ఎవరో శర్మకు తెలియదు. కాదని చెప్పే ప్రయత్నమూ ఆయన ఎన్నడూ చేయలేదు.

వేల బండ్లను రోడ్డెక్కించిన ఈ మహానుభావుడు ఒక్క సైకిల్ దగ్గర బోర్లా పడ్డాడు.

కూతురు భావన తొమ్మిదో తరగతికి వచ్చింది. పొడుగులో తల్లిని దాటింది. చిన్నప్పటి గులాబీరంగు సైకిలెక్కితే మోకాళ్ళు గడ్డానికి తగులుతున్నాయి.

"నాకు గేర్ల సైకిల్ కావాల. ఇంక బడికి నేనే పోతా" అంది ఒక పొద్దున.

"పోనీ. పెద్దదైంది కదా" అంది శర్మ భార్య ఇందుమతి. ఆవిడ లెక్కల టీచరు. ఒక నిర్ణయం కింద రెండు గీతలు గీసిందంటే ఇక అది మారదు.

శర్మకు గుండెలో రాయి పడింది. బడి నాలుగు కిలోమీటర్లు. రోజూ స్కూటర్ మీద ఆయనే దింపుతాడు. ఆ పావుగంటా వెనక కూర్చుని భావన వసపిట్టలా వాగుతూనే ఉంటుంది. ఇంటికొచ్చాక గదిలోకి పోయి తలుపేసుకుంటుంది. ఇరవై నాలుగు గంటల్లో తండ్రి వాటాకు వచ్చేది ఆ పావుగంటే. సైకిల్ వస్తే అదీ పోతుంది. ఈ మాట పెళ్ళాంతో చెప్పుకోవడానికి సిగ్గు, కూతురితో చెప్పుకోవడానికి ఇంకా సిగ్గు. అందుకని సైకిల్ మీదనే యుద్ధం ప్రకటించాడు.

"కొందాం లేమ్మా. నాలుగు చోట్ల చూసి కొందాం" అన్నాడు నవ్వుతూ. ఇందుమతి ఆ నవ్వు వైపు ఒకసారి చూసింది.

మొదటి ఆదివారం జమ్మలమడుగు. అంగడివాడు ఇరవై ఒక్క గేర్ల సైకిల్ బయటికి తీశాడు. శర్మ దాని చుట్టూ ప్రదక్షిణం చేశాడు.

"మడ్గార్డులు ఏవప్పా?"

"దీనికి రావు సామీ. స్పోర్ట్స్ మోడల్."

"స్టాండు?"

"వేరేగా కొనుక్కోవాల."

"క్యారియరు, బెల్లు?"

"అవీ వేరేనే."

"మరి దీంట్లో ఉండేదేంది?"

"గేర్లు సామీ. ఇరవై ఒకటి!"

"నేను పూజ చేసిన లారీకే ఆరు గేర్లు. మా పిల్ల మోసేది పుస్తకాలు, సిమెంటు మూటలు కాదు" అని శర్మ మెట్లు దిగేశాడు.

రెండో ఆదివారం పులివెందుల. అక్కడి సైకిల్ మరీ ఎత్తు. సీటు మీద కూర్చుంటే భావన కాలి బొటనవేలు కూడా నేలకందలేదు.

"పెరిగే పిల్ల కదా సామీ, రెండేండ్లు పోతే సరిగ్గా సరిపోతాది" అన్నాడు అంగడివాడు.

శర్మ ముఖం వెలిగిపోయింది. "బాగా చెప్తివప్పా. రెండేండ్లు పోయినాకనే వస్తాం."

దారి పొడుగునా బస్సులో భావన కిటికీ వైపే చూస్తూ కూర్చుంది. ఇందుమతి మాత్రం రెండు చీనీకాయలు ఒలిచి, మూడు పాళ్ళు కూతురికి, ఒక పాలు మొగుడికి పెట్టింది. ఎవరి పక్షమో అక్కడే అర్థమై ఉండాల్సింది శర్మకు.

మూడో ఆదివారం ప్రొద్దుటూరులోనే, కమాల్ బాషా అంగట్లో. ముప్పై ఏళ్ళుగా సైకిళ్ళు అమ్ముతున్న మనిషి. ధర చెప్పలేదు, మోడల్ పేరు చెప్పలేదు. భావనను సైకిల్ కడ్డీకి అటో కాలు ఇటో కాలు వేసి నిలబడమన్నాడు. కడ్డీకీ ఆ పిల్లకీ మధ్య ఎంత సందుందో చూశాడు. సీటును నడుము ఎముక దాకా పైకి లేపాడు. ఎక్కించి ఒక చుట్టు తిరిగి రమ్మన్నాడు.

"ఇరవై ఒకటి మనకేం పని పాపా? మన ఊరు చదును. ఎత్తంటే కాలువ వంతెన ఒకటే. వెనక్కాల ఏడు గేర్లు చాలు. ముందర ఒకటే పళ్ళచక్రం, చైను ఊడిపోయే బాధ ఉండదు" అన్నాడు.

"మడ్గార్డులు?" శర్మ అందుకున్నాడు.

"నేనే బిగిస్తా సామీ."

"స్టాండు, బెల్లు?"

"అన్నీ బిగిస్తా. గురువారం వచ్చి తోలుకోని పోండి."

శర్మ దగ్గర అస్త్రాలన్నీ అయిపోయాయి. రంగు బాగుంది, ఎత్తు సరిపోయింది, బ్రేకు పడుతోంది. కూతురి ముఖం చూస్తే పండగ. ఆయన దిక్కులు చూశాడు, పైకి చూశాడు, చివరకు సైకిల్ వెనక చక్రం వైపు చూశాడు. అక్కడ చిన్నాపెద్దా పళ్ళచక్రాలు ఏడు కనబడ్డాయి. బుద్ధి చటుక్కున పనిచేసింది. చేయకుండా ఉంటే బాగుండేది.

ఇంటికొచ్చి, కాళ్ళు కడుక్కుని, పంచాంగం తెరిచి గంభీరంగా మూశాడు.

"పెద్ద గండం తప్పిపోయింది. దంతచక్ర దోషం నడుస్తా ఉండాది."

"అదేంది నాన్నా?" అంది భావన.

"దంతమంటే పన్ను. పళ్ళుండే చక్రాలు, అంటే గేర్లు. గేర్లుండే వాహనం ఏదీ కార్తీకం దాకా ఇంటికి తేకూడదు. గేర్లు లేని సైకిలైతే దోషం లేదమ్మా."

"నాకు గేర్లు లేంది వద్దు."

"అయితే కార్తీకం దాకా ఓర్చుకో. నేనుండాగదా, స్కూటర్ ఉండాది గదా."

ఇందుమతి కూరగాయల కత్తి పక్కన పెట్టింది. "పంచాంగంలో ఏ పేజీలో ఉండాది?"

"అన్నీ అచ్చులో ఉండవు. మా తాతల నుంచి నోటి మాటగా వచ్చినవి కొన్ని ఉంటాయి."

"శ్రావణమాసంలో కూడా?"

"శ్రావణంలో అయితే మరీ చెడ్డ."

"అట్లనా. మంచిది" అంది ఇందుమతి.

పదహారేళ్ళ కాపురంలో ఆవిడ ఒక్క మాటతో ఒప్పుకోవడం అదే మొదటిసారి. శర్మ భయపడాల్సింది. పడకుండా రెండు గ్లాసుల మజ్జిగ తాగి సుఖంగా పడుకున్నాడు.

సోమవారం చాపాడు నుంచి ఫోన్. "సామీ, బుధవారం మా మోటార్ సైకిల్ పూజ వద్దులే. కార్తీకంలో చూస్తాం."

మధ్యాహ్నం పెద్దముడియం నుంచి ఇంకొకటి. సాయంత్రం లింగాల నుంచి ఒక పెద్దమనిషి, "కారు బుక్ చేసింటి సామీ, రద్దు చేస్తి. సమయానికి చెప్పి కాపాడినావు" అని ఏడుపుగొంతుతో కృతజ్ఞతలు చెప్పాడు. మంగళవారానికి ఆ నెల పూజలన్నీ ఎగిరిపోయాయి. మార్కెట్లో కొన్న బస్తాడు నిమ్మకాయలు వసారాలో పసుపురంగుకు తిరుగుతున్నాయి. గేర్లు లేని స్కూటర్లమ్మే అంగడివాడు మాత్రం అరకేజీ మైసూర్‌పాక్ పంపించాడు. ఉన్న సరుకంతా అమ్ముడుపోయిందట.

శర్మకు అప్పుడు తట్టింది. మోటార్ సైకిల్‌కు గేర్లుంటాయి. కారుకు ఉంటాయి. లారీకి, ట్రాక్టరుకు ఉంటాయి. తనకు అన్నం పెట్టే బండ్లన్నింటికీ ఒక్క మాటతో తాళం వేసుకున్నాడు.

"ఈ మాట ఊరంతా ఎట్లా పాకింది?" అని వంటింటి గుమ్మంలో నిలబడి అరిచాడు.

"నేనే చెప్తి" అంది ఇందుమతి, పోపు వేస్తూ. "మా టీచర్ల వాట్సాప్ గ్రూపులో పెడితి. మూడు మండలాల వాళ్ళుండారు."

"ఎవురు పెట్టమనిరి నిన్ను?"

"ఏమండీ, కన్న కూతురికే వద్దన్నారంటే ఎంత పెద్ద దోషమో! నలుగురికీ తెలిసి నష్టపోకుండా ఉంటారని పెడితి. తప్పా?"

తప్పని ఎలా అంటాడు? శర్మ నోరు తెరిచి, పోపు పొగకు దగ్గి, బయటికొచ్చేశాడు.

బుధవారం పొద్దున్నే ఓబుళరెడ్డి దిగాడు. జమ్మలమడుగులో ట్రాక్టర్ల షోరూం ఆయనది. మనిషి పొడుగు, గొంతు ఇంకా పొడుగు.

"ఏంది సామీ ఇది? రేపు గురువారం పదకొండు ట్రాక్టర్లు డెలివరీ. ఒక్కడంటే ఒక్కడు రానంటాండాడు! దోషం ఉందా, లేదా? ఉంటే నేను అంగడి మూసుకుంటా. లేకపోతే వచ్చి లేదని చెప్పు."

శర్మ లోలోపల లెక్క వేసుకున్నాడు. ఉందంటే కార్తీకం దాకా పూజలు లేవు. లేదంటే, అబద్ధం చెప్పిన అయ్యగారిని కార్తీకం తర్వాత కూడా పిలిచేవాడుండడు.

"దోషం ఉంటే పరిహారం ఉండదా అన్నా?" లోపలి నుంచి కాఫీతో వచ్చింది ఇందుమతి.

"అట్ల చెప్పమ్మా! ఏంది పరిహారం?"

"దోషం చెప్పిన మనిషే ముందుగా గేర్లుండే బండి కొని, నలుగురిలో పూజ చేసి, ఇంటికి తెచ్చుకోవాల. అంతేనండీ?"

"అట్లా ఎక్కడ ఉండాది?" అన్నాడు శర్మ.

"అన్నీ అచ్చులో ఉండవు కదా" అంది ఆవిడ.

ఓబుళరెడ్డి తొడ చరిచాడు. "సామి కొంటే జనం కొంటారు! సామీ, నా దగ్గర చిన్న ట్రాక్టరుండాది. ఎనిమిది గేర్లు. నెలనెలా కట్టుకోవచ్చు."

"ట్రాక్టరా! నాకెందుకప్పా? సెంటు భూమి లేదు నాకు."

"అదీ నిజమే" అంది ఇందుమతి దిగులుగా. "ఈ ఇంట్లో గేర్లుండే బండి పనికొచ్చేది ఎవురికబ్బా?"

తలుపు చాటు నుంచి భావన తల కనిపించింది. శర్మ ఓబుళరెడ్డిని చూశాడు, కూతురిని చూశాడు. ట్రాక్టరు కంటే సైకిలే చౌక.

గురువారం జమ్మలమడుగు షోరూం ముందు పదకొండు ట్రాక్టర్లు వరసగా నిలబడ్డాయి. వాటికి ముందు, పూలదండ వేసుకుని, ఎర్రటి సైకిల్ ఒకటి. కమాల్ బాషా స్వయంగా ఆటోలో తెచ్చి దించాడు. కొనేవాళ్ళు, వాళ్ళ పెళ్ళాలు, బామ్మర్దులు, ఊరికే చూడ్డానికి వచ్చినవాళ్ళు, అందరూ ఊపిరి బిగబట్టి నిలబడ్డారు. శర్మ హ్యాండిల్‌కు కుంకుమ పెట్టాడు. టెంకాయ కొట్టాడు. ముందు చక్రం కింద ఒకటి, వెనక చక్రం కింద ఒకటి నిమ్మకాయలు పెట్టాడు. భావన ఎక్కి తొక్కింది.

నిమ్మకాయ నలగలేదు. చక్రం దాన్ని నెట్టింది, అది దొర్లింది, సైకిల్ వంకర తిరిగింది. భావన కాలు ఆనించింది.

జనంలో గుసగుస మొదలైంది. "తొక్కల్యా! దోషం పోల్యా!" పదకొండు ట్రాక్టర్ల ఆసాములు ఒక్కడుగు వెనక్కి వేశారు. ఓబుళరెడ్డి చూపు చూస్తే శర్మనే చక్రం కింద పెట్టేలా ఉన్నాడు. ఇరవై ఏళ్ళ పేరు ఒక నిమ్మకాయతో పాటు దొర్లిపోతోంది. ఏ దేవుణ్ణి పిలవాలో కూడా శర్మకు గుర్తు రాలేదు.

"పాపా, ఏడులో పెట్టినావు! ఎనక్కొచ్చి ఒకటో గేర్ వెయ్, నిదానంగా అదిమి తొక్కు!" అని అరిచాడు కమాల్ బాషా.

శర్మ మళ్ళీ నిమ్మకాయలు పెట్టాడు. భావన వెనక చక్రం పైకెత్తి, పెడల్ తిప్పుతూ గేర్లు మార్చింది. టక్, టక్ మని చైను పక్కకు జరిగి పెద్ద పళ్ళచక్రం మీద కూర్చుంది. పిల్ల ఎక్కి నెమ్మదిగా అదిమింది. ముందుది చిట్లింది. వెనకది పచ్చడైంది.

ఈలలు, చప్పట్లు. వెంటనే పదకొండు ట్రాక్టర్లు ఒకేసారి గుర్రుమన్నాయి. శర్మ ఆ పూట బస్తాడు నిమ్మకాయలూ ఖర్చు పెట్టాడు.

మర్నాడు ఉదయం భావన బెల్లు కొట్టుకుంటూ బడికి బయల్దేరింది. వంద గజాల వెనక శర్మ స్కూటర్ కూడా బయల్దేరింది. కాలువ వంతెన దగ్గర ఆ పిల్ల బ్రేకు వేసి వెనక్కి తిరిగింది.

"ఎందుకొస్తాండావ్ నాన్నా?"

దాచి లాభం లేకపోయింది. "నువ్వు నాతో మాట్లాడేది ఈ పావుగంటే కదమ్మా. ఇప్పుడు అది కూడా లేకపాయె."

భావన సైకిల్ దిగింది. తర్వాత, "నువ్వెప్పుడు విన్నావ్? ఎదురొచ్చినోళ్ళకంతా నమస్కారం పెట్టుకుంటా, ముహూర్తాల ఫోన్లు మాట్లాడుకుంటా పోతావ్. నా పక్కన కూర్చునే పిల్ల పేరేంది? చెప్పు!"

శర్మ ఆలోచించాడు. ఎంత తవ్వుకున్నా ఏ పేరూ దొరకలేదు. ముఖం మాడిపోయింది.

"హసీనా" అంది భావన. "జూన్ నుంచి చెప్తాండా. ఇంటికి పో నాన్నా. సాయంత్రం వచ్చి అన్నీ చెప్తా. ఫోన్ మాత్రం లోపల పెట్టి రా."

చైను మార్చుకుని వంతెన ఎక్కి, అవతలి వైపుకు దిగి కనబడకుండా పోయింది.

సాయంత్రం శర్మ ఫోన్ ఆపి వసారాలో మెట్టు మీద కూర్చున్నాడు. భావన సైకిల్‌కు స్టాండు వేసి, పక్కన కూర్చుని, పొద్దున బడిలో ప్రార్థన దగ్గర మొదలుపెట్టింది. హసీనా ఏమంది, దానికి తనేమంది, దానికి హసీనా మళ్ళీ ఏమంది. పావుగంట అయింది. అరగంట అయింది. శర్మకు కాళ్ళు తిమ్మిరెక్కాయి, నడుము పట్టేసింది. ముప్పావుగంటకు మెల్లిగా లేవబోయాడు.

"లేచినారంటే చూడండి!" అని వంటింట్లో నుంచి ఇందుమతి గొంతు వినిపించింది.

"కూర్చో నాన్నా" అంది భావన, పంచె అంచు పట్టుకుని. "ఇంకా రెండో పీరియడ్ కాడనే ఉండాం."

శర్మ కూర్చున్నాడు.