కత్తెర పెద్దల చేతికే!

పసిపిల్లల చేతికి కత్తెర ఇవ్వకూడదు. బళ్లో కత్తిరింపుల హోంవర్కు ఇస్తే తల్లిదండ్రులే చేసిపెట్టాలి. ఇంతకు మించిన చదువు లోకంలో లేదని ఘంటాపథంగా చెబుతున్నాను!

నమ్మరా? నన్నే చూడండి. మా అమ్మాయిని బళ్లో వేసేనాటికి నాకు పాల ప్యాకెట్ మూల కత్తిరించడం కూడా సరిగా రాదు. సగం పాలు స్టవ్ గట్టు మీదే పోసేవాణ్ణి. చివరికి మా ఆవిడ ఆ పని నాతో మాన్పించింది. మరి ఇప్పుడో? గీత దాటకుండా ఏనుగు తొండం కత్తిరిస్తాను. సీతాకోకచిలుక మీసాలు తెగకుండా తీస్తాను. యూకేజీ చదువు నాకు బాగా వంటబట్టింది.

అలాగని మా అమ్మాయికి పనేమీ లేదనుకునేరు. జిగురు సీసా మూత పట్టుకుని కూర్చోవడం పూర్తిగా దాని డిపార్ట్‌మెంటే! కాకపోతే మధ్యమధ్య కత్తెర తనకివ్వమని, ఒక్కసారి తనే చేస్తానని ప్రాణం తీస్తుంది. ఇస్తే ఏమవుతుంది? వేలు తెగుతుంది. వేలు తెగకపోతే కిటికీ పరదా తెగుతుంది. ఏదీ తెగకపోతే ఏనుగు కాస్తా పందికొక్కయి కూర్చుంటుంది. రేపు టీచరమ్మ ముందు పోయేది ఎవరి పరువు?

పోనీ అని పిల్లల కోసం చేసిన ప్లాస్టిక్ కత్తెర కొన్నాను. ఎంత క్షేమమైన వస్తువండీ! దాంతో వేలు తెగదు, కాగితమూ తెగదు. మా అమ్మాయి కాసేపు దాంతో కుస్తీ పట్టి, ఏడ్చి, మళ్లీ మూత పట్టుకుని బుద్ధిగా నా పక్కన కూర్చుంది.

మొన్న బళ్లో ఎగ్జిబిషన్ పెట్టారు. గోడ నిండా కాగితం చేపలు. ఆహా, ఏం చేపలు! ఒకదాని పొలుసులన్నీ స్కేలు పెట్టి కొలిచినట్టున్నాయి. వాళ్ల నాన్న ఇంజినీరని చూడగానే తెలిసిపోయింది. తండ్రులందరం ఒకరి చేపని ఒకరం ఓరకంట చూసుకున్నాం. మూలన మాత్రం ఎలుక కొరికినట్టున్న చేప ఒకటుంది, దానికి తోక సగమే. పాపం, ఇంట్లో పట్టించుకునేవాళ్లు లేరు కాబోలని అందరం జాలిపడ్డాం. దాని పక్కన రెండు జడల పిల్ల ఒకతి నిలబడి, అది తనే కత్తిరించానని వచ్చినవాళ్లందరికీ చెప్పుకుంటోంది.

ఇంతలో టీచరమ్మ మా అమ్మాయి గౌనుకి బంగారు రంగు స్టార్ అంటించి, చేప చాలా బావుందని మెచ్చుకుంది. నా ఛాతీ ఉప్పొంగింది.

"మా నాన్న చేశాడు టీచర్. ఎవ్వరూ సాయం చెయ్యలేదు, తనే చేసుకున్నాడు," అంది మా అమ్మాయి.

అని, గౌను మీది స్టార్ ఊడదీసి నా చొక్కాకి అంటించి, పైన బాగా తట్టింది. చుట్టూ ఉన్న తండ్రులంతా నేలచూపులు చూశారు. నేనేదో అనబోయేలోగా అది నా చెయ్యి వదిలించుకుని మూలకి పరుగెత్తింది. అక్కడ ఆ రెండు జడల పిల్లని పట్టుకుని, కత్తెర ఎలా పట్టుకోవాలో చూపించమని అడుగుతోంది.