అందితే జుట్టు, అందకపోతే క్లచ్చు

ట్రాక్టర్ క్లచ్చు కాలికి అందకపోవడమంత అదృష్టం మనిషికి మరొకటి లేదు! నవ్వకండి. పన్నెండేళ్ళుగా ఇదే పత్రికలో చిన్న ట్రాక్టర్లకి మార్కులు వేస్తున్నవాణ్ణి. వేళాకోళానికి అంటానా?

అందితే జుట్టు, అందకపోతే కాళ్ళు అన్నారు పెద్దలు. బాగానే ఉంది. మరి కాళ్ళే అందకపోతే ఏం చెయ్యాలో చెప్పారా? చెప్పలేదు! వాళ్ళ రోజుల్లో కాంపాక్ట్ ట్రాక్టర్లు లేవు పాపం. ఆ లోటు ఇవాళ నేను తీరుస్తాను.

ముందుగా నా అర్హతలు మనవి చేసుకుంటాను. నా ఎత్తు ఆరడుగుల ఒక అంగుళం. నెత్తిన వెంట్రుక లేదు కాబట్టి పై సామెతలో మొదటి సగం నాకు వర్తించదు. కాళ్ళు మాత్రం దేవుడు ధారాళంగా ఇచ్చాడు. ఏ షోరూమ్‌లో ఏ బండి ఎక్కినా నా పాదం పెడల్ మీదికి దానంతటదే వెళ్ళి వాలుతుంది. ఓ చేత్తో స్టీరింగు, ఓ చేత్తో టీ కప్పు. రెండు నిమిషాలు కూర్చుంటాను. దిగి, "ఆపరేటర్ సౌకర్యం: పదికి తొమ్మిది" అని రాస్తాను. ఆ ఒక్క మార్కూ టీలో చక్కెర తక్కువైనందుకు కోస్తాను.

ఇంజన్ స్టార్ట్ చేసి చూస్తారా అని కొందరు పాఠకులు ఉత్తరాలు రాస్తుంటారు. టీ ఇచ్చిన వాళ్ళ షోరూమ్‌లో పొగ పెట్టడం మర్యాదేనా, మీరే చెప్పండి!

ఇక అసలు కథ. మా ఆవిడది నాలుగెకరాల కూరగాయల తోట. దున్నేదీ, సాళ్ళు తోలేదీ, కలుపు తీసేదీ ఆవిడే. నేను రాస్తాను. రెక్కాడితే గానీ డొక్కాడదంటారు కదా, మా ఇంట్లో కాలాడితే గానీ డొక్కాడదు. ఆ కాలు మా ఆవిడది. డొక్కలు మాత్రం మా అత్తగారితో కలిపి మూడు.

మా ఆవిడ ఎత్తు ఐదడుగులకి ఒక అంగుళం తక్కువ. ఆవిడ తోలే బండి మా మామగారి నాటిది. దాని క్లచ్ పెడల్ మీద ఓ చెక్కదిమ్మ బిగించి ఉండేది. ఇన్నేళ్ళలో ఆ దిమ్మ అక్కడెందుకుందని నేనొక్కసారి కూడా అడగలేదు. అడిగి ఉంటే మీకీ వ్యాసం చదివే బాధ తప్పేది.

ఈ ఏడు దుక్కి మొదట్లోనే ఆ పాత బండి ప్రాణం విడిచింది. కొత్తది కొనాలి. ట్రాక్టర్ల పండితుణ్ణి ఇంట్లో పెట్టుకుని ఊరందరినీ సలహా అడగడమెందుకని ఆ పని నాకే అప్పగించింది మా ఆవిడ. తను చిక్కుళ్ళ కోతలో ఉంది, కదలడానికి లేదు.

"రంగూ రూపూ ఎలా ఉన్నా నేను సర్దుకుంటాను గానీ, కాలు అందుతుందో లేదో ఒక్కటి చూడండి," అంది గంప నెత్తికెత్తుకుంటూ. "డాక్టరేమన్నాడో విన్నారుగా. ఎడమ మోకాలు సాగదీసి తొక్కడం మానకపోతే వచ్చే ఏడాదికి తోటే మానుకోవాలన్నాడు."

"చూస్తాను," అన్నాను.

చూశాను. నా కాలు భేషుగ్గా అందింది!

మాట తప్పే మనిషిని కానని మీకు ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది. పైగా ఒకటి కాదు, మూడు బండ్లు పోల్చి చూశాను. మొదటిదానికి కుడికాలి కింద ఒకటే పొడుగు పెడల్. వేళ్ళతో నొక్కితే ముందుకి, మడమతో నొక్కితే వెనక్కి. ఒకే పాదంతో ముందడుగూ వెనకడుగూ! మా సంపాదకుడికిది పుట్టుకతో వచ్చిన విద్య. నా పాదం పొడుగేమో, నొక్కకుండానే మడమ ఆనింది. అసౌకర్యం!

రెండోదానికి ముందుకొకటి, వెనక్కొకటి, పక్కపక్కనే రెండు చిన్న పెడళ్ళు. ఎడమకాలికి పనే లేదు. సీటు కూడా స్టీరింగు దాకా ముందుకి జరుగుతుంది. అలా జరిపితే నా మోకాళ్ళు గడ్డానికి తగిలాయి. రెండు పెడళ్ళూ ఒకేసారి నా బూటు కిందికొచ్చాయి. ఘోరమైన అసౌకర్యం!

మూడోది సంప్రదాయమైన బండి. ఎడమ పక్క క్లచ్చు, కుడి పక్క బ్రేకులు. సేల్స్‌మన్ గర్వంగా చెప్పాడు. "గట్టి క్లచ్ సార్. తొక్కితే తొక్కినట్టు మనిషికి తెలియాలి. కాలందిందా సార్?"

"ఓ!" అన్నాను.

"అయితే ఇక్కడో సంతకం పెట్టండి సార్."

పెట్టాను. టీ కూడా బాగుంది. పదికి తొమ్మిదిన్నర వేశాను.

బండి ఇంటికొచ్చింది. మా ఆవిడ ఎక్కి కూర్చుంది. వీపు సీటుకి ఆనిస్తే పాదానికీ క్లచ్చుకీ మధ్య బెత్తెడు ఖాళీ. సీటు ఎంత ముందుకి లాగినా ఆ బెత్తెడూ కాస్తా రెండు వేళ్ళయింది గానీ పూర్తిగా పోలేదు. సరే అని సీటు అంచుకి జారి, కాలు సాగదీసి, పళ్ళు బిగబట్టి తొక్కింది. వెనకాల మట్టి గుల్ల చేసే రోటవేటర్ తిరుగుతోంది. అంతే! ఇంజన్ టప్పున ఆగిపోయింది. కుయ్యికుయ్యిమని కూత. తెర మీద ఎర్రటి అక్షరాలు: సీటులో ఆపరేటర్ లేరు.

"నేనుండగానే లేనంటోందేమిటండీ ఇది!" అంది మా ఆవిడ.

ఇక్కడే మీరు ఈ బండి గొప్పతనం గ్రహించాలి. సీటు కింద ఓ స్విచ్ ఉంటుంది. రోటవేటర్ తిరిగేటప్పుడు మనిషి బరువు తగలకపోతే, తోలేవాడు పడిపోయాడని తలచి అది ఇంజన్ ఆపేస్తుంది. ఎంత కరుణ! కాలందితే మనిషి సీటు మీద ఉండదు, సీటు మీద ఉంటే కాలందదు. కాలికేస్తే మెడకి, మెడకేస్తే కాలికి అన్న ముక్కని ఇంత చక్కగా ఇనుములో పోత పోసినవాళ్ళు ఇంకెవరున్నారు?

"నేనున్నానా, లేనా?" అన్న ప్రశ్న కోసం మునులు గుహల్లో ఏళ్ళకేళ్ళు కూర్చున్నారు. మా తోటలో ప్రతి సాలు చివరా ఉచితంగా దొరుకుతోంది! ఇంజనాగినప్పుడల్లా ఎంత నిశ్శబ్దం! పిట్టల కూతలు వినబడుతున్నాయి. డీజిల్ ఆదా. కాళ్ళకి వ్యాయామం. పైగా దాంపత్యం! గత ఐదేళ్ళలో మా ఆవిడ నాతో ఎన్ని మాటలాడిందో అంతకంటే ఎక్కువ ఆ ఒక్క వారంలో ఆడింది. అవేమిటో ఇక్కడ రాయలేను.

మూడో రోజు మెకానిక్ వచ్చాడు. బండి చుట్టూ రెండుసార్లు తిరిగి సమస్య కనిపెట్టాడు.

"మీరు సీటు మీద నిండుగా కూర్చోవాలమ్మా."

"కూర్చుంటే కాలందదు బాబూ."

"అయితే కాలందేలా కూర్చోండి."

"అప్పుడు ఇంజనాగిపోతోంది."

"అదేనమ్మా చెప్తున్నా, సీటు మీద నిండుగా కూర్చోవాలి."

ఇలా ఓ పావుగంట నడిచింది. చివరికి మా అత్తగారు కొట్టంలోంచి పాత చెక్కదిమ్మ పట్టుకొచ్చారు. "ఇది బిగించు నాయనా," అన్నారు. మెకానిక్ పాముని చూసినట్టు వెనక్కి గెంతాడు. "పెడల్‌కి ఏం బిగించినా వారంటీ పోతుందండీ!"

తర్వాత అతనికో మెరుపులాంటి ఆలోచన వచ్చింది. గట్టు పక్కనున్న ఇసుకలోంచి పాతిక కిలోలు గోనెసంచిలో పోసి, మూతి కట్టి, మా ఆవిడ వెనకాల సీటు మీద కూర్చోబెట్టాడు. బండి స్టార్ట్ చేశారు. మా ఆవిడ అంచుకి జారి క్లచ్చు తొక్కింది. ఇంజన్ ఆగలేదు! కూత లేదు! ఎర్రక్షరాలు లేవు! బండి దృష్టిలో ఇప్పుడు సీట్లో ఆపరేటర్ ఉన్నారు.

పాఠక మహాశయులారా, గమనించారా? ఇరవై ఏళ్ళుగా ట్రాక్టర్ తోలుతున్న మనిషిని ఆపరేటర్ కాదన్న ఆ బండి, ఇసుక మూటని మారుమాట లేకుండా ఒప్పుకుంది!

"మరి నేను జారి కింద పడితేనో?" అని అడిగింది మా ఆవిడ.

"మీరు పడినా బండి ఆగదమ్మా. ఆ ప్రాబ్లమ్ తీరిపోయింది," అన్నాడు మెకానిక్ తృప్తిగా.

మా ఆవిడ ఇంజన్ ఆపింది. వెనక్కి తిరిగి మూటని ఒక్క తోపు తోసింది. అది వచ్చి నా కాళ్ళ దగ్గర పడింది. కుంటుకుంటూ దిగి, వెళ్ళి అరుగు మీద కూర్చుని, చీర కాస్త పైకి జరిపి ఎడమ మోకాలు చూపించింది. ఎంత వాచిందో చెప్పను. నాకు పరాచికాలాడే ఓపిక పోయింది. సిగ్గేసింది.

మా అత్తగారు ఆ చెక్కదిమ్మని ఒళ్ళో పెట్టుకుని ఆవిడ పక్కనే కూర్చున్నారు. "దీన్ని మీ మామగారు బిగించారు అల్లుడుగారూ," అన్నారు. "మొదట నా కాలు కొలిచి చేశారు. అమ్మాయి తోలడం మొదలుపెట్టాక మళ్ళీ దాని కాలు కొలిచి ఇంకాస్త చెక్కారు. ఆయనకి మార్కులెయ్యడం రాదు."

అప్పుడు అడిగింది మా ఆవిడ, నెమ్మదిగానే. "ఏవండీ, తొమ్మిదిన్నర వేశారు కదా. అవి ఎవరి కాళ్ళకండీ?"

మోకాలికీ బోడిగుండుకీ ముడిపెట్టకూడదంటారు. నేనొప్పుకోను. ఆవిడ మోకాలి వాపు అచ్చంగా నా బోడిగుండులోంచి పుట్టింది.

మర్నాడు ఇద్దరం షోరూమ్‌కి వెళ్ళాం. "రండి సార్, కూర్చోండి," అని సేల్స్‌మన్ నాకు కుర్చీ వేశాడు, టీ తెప్పించాడు. మా ఆవిడ ఎవరినీ అడక్కుండా ఆ రెండో బండి ఎక్కింది. అదే, ఘోరమైన అసౌకర్యం! సీటు ముందుకి లాక్కుంది. వీపు ఆనింది, పాదం ఆనింది. "ఇదీ నా బండి," అని దిగి, మాది వాపసు తీసుకుని అదివ్వమంది.

సేల్స్‌మన్ నొచ్చుకుంటూ ఓ కాగితం తీశాడు. "పెడళ్ళన్నీ నా కాలికి సౌకర్యంగా అందుచున్నవని ధ్రువీకరించడమైనది" అని ఉంది. కింద "ఆపరేటర్ సంతకం" అన్నచోట నా సంతకం, చిన్న టీ మరకతో సహా.

"సార్ చూసే పెట్టారు మేడమ్. మార్చాలంటే కంపెనీకి రాయాలి. నెలా రెండు నెలలు పడుతుంది."

మా ఆవిడ ఆ కాగితాన్ని రెండుసార్లు చదివింది. పోట్లాడుతుందనుకున్నాను. నవ్వింది! ఆ నవ్వు చూసి భయమేసింది.

"పర్లేదులెండి, రాయండి. ఈ లోపల దుక్కి ఆగదు," అంది. తర్వాత నా వైపు తిరిగి, "కాగితం ప్రకారం ఆపరేటర్ మీరేగా. రేప్పొద్దున్నుంచి తోలండి."

అలా పన్నెండేళ్ళ సాహిత్య సేవ తర్వాత నేను మొదటిసారి ఇంజన్ నడుస్తుండగా ట్రాక్టర్ మీద కూర్చున్నాను. అరుగు మీద మా ఆవిడ, మోకాలి కింద దిండు. పక్కన మా అత్తగారు. మధ్యలో, ప్రేక్షకుల్లో మూడోవాడిలా, ఆ ఇసుక మూట.

"క్లచ్చు పూర్తిగా తొక్కండి!" అని కేక. తొక్కాను. షోరూమ్‌లో ముట్టుకున్న క్లచ్చు వేరు, ఇది వేరు. ఇది తిరిగి తన్నింది! నలభై సాళ్ళు. సాలుకి మూడుసార్లు క్లచ్చు. అంటే నూట ఇరవై తొక్కుళ్ళని మొదటిసారి లెక్కేసుకున్నాను. నాలుగో సాలుకి పిక్క పట్టేసింది. ఏడో సాలుకి స్టీరింగు మోకాలికి తగిలింది, పైకప్పు కమ్మీ గుండుకి తగిలింది. పదకొండో సాలు చివర నా ఎడమ మోకాలు మొదటిసారి నాతో మాట్లాడింది. అది కూడా ఇక్కడ రాయదగ్గ మాట కాదు.

ఈ సందర్భంగా గత నెల నేనిచ్చిన మార్కుల్లో చిన్న సవరణ. ఆపరేటర్ సౌకర్యం: పదికి రెండు. ఆ రెండూ పైకప్పు నీడకి. గత పన్నెండేళ్ళలో నేను వేసిన మార్కులన్నిటికీ పాఠకులు ఇదే పద్ధతిలో సవరణ చేసుకోగలరు. ట్రాక్టర్ కొనబోయేవాళ్ళు పండితుల మాట కాకుండా తోలే మనిషి కాలు నమ్ముకోవాలని ప్రార్థన. తయారుచేసేవాళ్ళు కూడా ఆ కాలు ఒక్కసారి కొలిస్తే వాళ్ళ సొమ్మేం పోదు!

పన్నెండో సాలు మధ్యలో ఇక నడుం వల్ల కాలేదు. బండి ఆపి, ఒక్క క్షణం ఒళ్ళు విరుచుకుందామని సీటు మీద నుంచి లేచాను. రోటవేటర్ ఆపడం మరిచిపోయాను. టప్పున ఇంజనాగింది. కుయ్యికుయ్యిమని కూత, తెర మీద ఎర్రక్షరాలు.

"ఏమంటోంది?" అని అడిగారు మా అత్తగారు అరుగు మీద నుంచి.

"సీట్లో ఆపరేటర్ లేరంటోందండీ," అన్నాను.

మా ఆవిడ దిండు సర్దుకుంటూ అంది. "పన్నెండేళ్ళుగా లేరు. దానికివాళే తెలిసినట్టుంది."