రోగం కాదు, 790.4

“ఈ రోజు నుంచి మన డివిజన్లో పసిరికలు లేవు” అని మంత్రిగారు మా దవాఖానా వరండాలో నిలబడి ప్రకటించారు. బెంచీల మీద కూర్చున్న పదిహేడు మంది రోగులు పచ్చటి కళ్లతో ఆయన వైపు చూసి చప్పట్లు కొట్టారు.

ఇది ఎనభై ఏడులోనో ఎనభై ఎనిమిదిలోనో జరిగింది. ఆ పదిహేడు మందికీ పొద్దున నెత్తురు తీసింది నేనే. నా పేరు సారంగపాణి, అడవి అంచున ఉన్న ఆ దవాఖానాలో ల్యాబ్ టెక్నీషియన్ని. పసిరికలంటే పచ్చకామెర్లే. కాలేయం చెడితే నెత్తుట్లో కొన్ని ఎంజైములు పెరుగుతాయి. నలభై దాకా ఉంటే ఫరవాలేదు. వీళ్లలో ఎవరికీ ఆరు వందలకు తగ్గలేదు. తండా నుంచి వచ్చిన భీమ్లాకు తొమ్మిది వందల ఇరవై.

అంత పెద్ద జబ్బును ఒక్క పూటలో మాయం చేసిన మహానుభావుడు డిప్యూటీ డైరెక్టరు చెంచురామయ్యగారు. ఆయన మందులు తేలేదు. పుస్తకం తెచ్చారు. లోకంలో ఉన్న రోగాలన్నిటికీ నెంబర్లు వేసిన లావుపాటి పుస్తకం అది. దాన్ని మా డాక్టరమ్మ హైమగారి బల్ల మీద రెండు చేతులతో పెట్టి, చెప్పులు విప్పి మరీ తెరిచారు.

“మీరు వీళ్లందరికీ 070 వేశారు. అంటే కాలేయానికి పట్టిన అంటురోగం. తప్పమ్మా. ఇదిగో, 790.4 వెయ్యండి.”

“అంటే ఏంటి సార్?”

“ఎంజైములు పెరిగాయి, ఎందుకో తెలియదు అని.”

“ఎందుకో తెలుసు కదండీ. కళ్లు పచ్చగా ఉన్నాయి.”

“ఈ నెంబర్లో కళ్ల ప్రస్తావన లేదు.”

“తిన్నది కక్కుతున్నారు.”

“వాంతులకు వేరే నెంబరుంది. సరదాగా ఉంటే అదీ వేసుకోండి.”

“అందరూ ఒకే బావి నీళ్లు తాగుతున్నారు సార్!”

“బావికి నెంబరు లేదమ్మా” అని చెంచురామయ్యగారు పుస్తకం మూశారు.

070 వేస్తే రూలు ప్రకారం రెండు పనులు జరగాలి. రోగి తాగిన బావికి సీలు వేయాలి, రోగి ఉన్న చోటికి ట్యాంకరుతో మంచినీళ్లు పంపాలి. తండా బావిని పోయినేడు మంత్రిగారే ప్రారంభించారు. తన పేరు చెక్కిన రాయి ఉన్న బావిలో క్రిములు పుట్టవని ఆయన నమ్మకం. నమ్మకాన్ని పరీక్షించే పరికరం మా ల్యాబులో లేదు.

మర్నాడే సర్క్యులర్ వచ్చింది. 790.4 రోగం కాదు, కాబట్టి మందు, సెలవు, ట్యాంకరు వర్తించవు. 070 వేయాలంటే డిప్యూటీ డైరెక్టరు సంతకం తప్పనిసరి.

భీమ్లా తన రిపోర్టు కాగితం తీసుకొని నా దగ్గరికి వచ్చిండు.

“సారూ, నాకేం రోగమొచ్చింది?”

“రోగం కాదు భీమ్లా. ఎంజైములు పెరిగినయ్.”

“పెరిగితే మంచిదే గద?”

“గవర్నమెంటు గట్లనే అంటుంది.”

“నాదేముంది సారూ. నా పెండ్లం సక్రికి ఏడో నెల. అది గూడ గా నీళ్లే తాగుతుంది.”

పక్క గదిలో ఉన్న హైమగారు పెన్ను కింద పెట్టి బయటికి వచ్చారు. కడుపుతో ఉన్న మనిషికి ఈ జబ్బు సోకితే తల్లి దక్కడం కష్టం. ఆ మాట భీమ్లాతో అనలేదు. “నీళ్లు మరగబెట్టి ఇవ్వు. మరగబెట్టని చుక్క ఆమె నోట్లోకి పోవద్దు” అని మాత్రం గట్టిగా చెప్పారు.

“నేనింట్ల ఉన్నన్ని రోజులు మరగబెడ్తనమ్మా. కూలికి పోతే ఎవరు జూస్తరు?”

నెల తిరిగేసరికి మా డివిజన్ రికార్డుల్లో పసిరికలు సున్నా. తండాలో సభ పెట్టారు. బావి పక్కనే షామియానా. మంత్రిగారు లెక్కల కాగితం చూసి ఉప్పొంగిపోయారు.

“సోదరులారా! నలభై దగ్గర కునారిల్లుతున్న ఎంజైములను మా ప్రభుత్వం తొమ్మిది వందలకు పెంచింది! ఏ ప్రభుత్వమైనా ఇంత పెంచిందా?”

ఎవరూ పెంచలేదని జనం ఒప్పుకున్నారు.

తండా పెద్ద మంగీలాల్ ఆ బావి నీళ్లే ఒక గ్లాసుడు తెచ్చి మంత్రిగారి ముందు పట్టిండు. మంత్రిగారు గ్లాసు వైపు చూశారు. రాయి మీద తన పేరు వైపు చూశారు. “ఈ విజయం నాది కాదు, మా అధికారిది” అని గ్లాసును చెంచురామయ్యగారి చేతిలో పెట్టారు. అంత త్యాగం నేను ఏ నాయకుడిలోనూ చూడలేదు. చెంచురామయ్యగారు కళ్లు మూసుకొని తాగారు. ఫొటోగ్రాఫరు సరిగా పడలేదంటే ఇంకో గ్లాసు తాగారు.

నెల రోజులకు ఆయన జీపు మా దవాఖానా ముందు ఆగింది. నల్లకళ్లద్దాలు పెట్టుకొని, ఇద్దరి భుజాల మీద వాలి దిగారు. నెత్తురు తీశాను. పదకొండు వందల యాభై. మంత్రిగారు చూస్తే మురిసిపోయేవారు.

“అమ్మా, పడుకోవాలి. సెలవుకి సర్టిఫికెట్ రాయండి” అన్నారు నీరసంగా.

“మీకు రోగం లేదు సార్. 790.4” అన్నారు హైమగారు.

“కళ్లు చూడమ్మా!”

“ఈ నెంబర్లో కళ్ల ప్రస్తావన లేదు సార్.”

చెంచురామయ్యగారు జేబులోంచి పెన్ను తీసి, తన రోగానికి 070 మంజూరు చేస్తూ తానే సంతకం పెట్టుకున్నారు. ఫారంలో తొమ్మిదో గడి మిగిలింది. నీళ్లు ఎక్కడ తాగారు? మంత్రిగారి బావి పేరు రాస్తే ఉద్యోగం ఉండదు. చాలాసేపు ఆలోచించి, ‘జూలూరుపాడు, అత్తగారింటి బావి’ అని రాశారు.

రూలు రూలే. మూడో నాడు జూలూరుపాడులో బావికి సీలు పడింది, డిప్యూటీ డైరెక్టరు క్వార్టరుకు ట్యాంకరు వెళ్లింది. నాలుగో నాడు ఆయన అత్తగారు రాఘవమ్మగారు బస్సు దిగి నేరుగా మా దవాఖానాకు వచ్చారు.

“ఎవరండీ మా బావి నీళ్లకి జబ్బుందన్నది?”

“మీ అల్లుడుగారే రాసిచ్చారండీ.”

“ఆయనా! పదేళ్లయింది పెళ్లయి, మా ఇంట్లో గుక్కెడు మంచినీళ్లు ముట్టలేదు. వచ్చినప్పుడల్లా సోడాలు తెప్పించుకుంటాడు! మా బావి మీద ఇలా రాస్తే ఒప్పుకునేస్తారా?”

“ఒప్పుకున్నామండీ. గవర్నమెంటే ఒప్పుకుంది” అన్నారు హైమగారు. అంటూనే ఆగిపోయారు. రాఘవమ్మగారికి కుర్చీ వేసి, మజ్జిగ ఇప్పించి, నన్ను తండాకు సైకిల్ మీద పంపారు.

మర్నాడు పొద్దున్నే తండా అంతా మా దవాఖానా ముందు వరసలో నిలబడ్డది. హైమగారు ఒక్కొక్కరినే అడిగారు.

“నీళ్లు ఎక్కడ తాగావు?”

“జూలూరుపాడుల, రాఘవమ్మగారి బాయిలమ్మా.”

“నలభై కిలోమీటర్లు పోయి తాగావా?”

“దూపైందమ్మా.”

ముప్ఫై ఒక్క మంది. అందరికీ 070. ఫారాలన్నీ చెంచురామయ్యగారి మంచం దగ్గరికి నేనే తీసుకుపోయాను. ఆయన మొదటి ఫారం చదివి నా వైపు ఎర్రగా చూడబోయారు కాని, ఆ కళ్లతో కుదరలేదు.

“వీళ్లు అక్కడ తాగలేదయ్యా!”

“అయితే మీరెక్కడ తాగారని అడుగుతరు సార్.”

ముప్ఫై ఒక్క సంతకాలు పెట్టారు. రెండో నాటికి తండాలోకి ట్యాంకరు వచ్చింది. వానలు తగ్గేదాకా వస్తూనే ఉంది. మంత్రిగారి బావికి ఏ మచ్చా పడలేదు. అందులో నీళ్లు తోడేవాళ్లు లేక రాయి మాత్రం నున్నగా మెరిసేది.

సక్రికి ఆడపిల్ల పుట్టింది, తల్లీపిల్లా క్షేమం. టీకా కోసం పిల్లను ఎత్తుకొని భీమ్లా వచ్చిండు. ఇప్పుడు అతని కళ్లు తెల్లగా ఉన్నాయి. సూది పడగానే ఏడ్చిన పిల్లను భుజాన వేసుకొని, గడప దాటబోతూ వెనక్కి తిరిగిండు.

“సారూ, గా జూలూరుపాడు ఎటు దిక్కుంటది?”